ఆది జాకెట్టుకి ముప్పావు తక్కువ

మైనస్ ముప్పావును తీసివేయమంటే ముప్పావు కలపాలని బడిలో మీ అందరికీ చెప్పే ఉంటారు. ఎందుకు కలపాలో చెప్పారా?

నాకు చెప్పలేదు. నందిగామలో ఏడో తరగతి చదువుతున్నప్పుడు అకరణీయ సంఖ్యల పాఠం వచ్చింది. లవం, హారం, వాటి ముందు ప్లస్సో మైనస్సో. మా లెక్కల మాస్టారు బోర్డు మీద మైనస్ ముప్పావు రాసి, దాని ముందు ఇంకొక మైనస్ పెట్టి, రెండూ కలిసి ప్లస్ అవుతాయన్నారు. నేను లేచి, ఎందుకండీ అని అడిగాను.

"రూలమ్మా. రాసుకో."

"రూల్ ఎందుకలా పెట్టారండీ?"

"రూల్‌కి ఎందుకేంటి? నువ్వేమన్నా లాయరువా? కూర్చో."

క్లాసంతా నవ్వింది. ఆయన చెడ్డవారు కారు. గది నిండా పిల్లలు, ముందు పరీక్షలు, ఆయన తొందర ఆయనది. నా పట్టుదల నాది. సంవత్సరాంత పరీక్షలో ఆ పాఠం లెక్కలన్నీ ఖాళీగా వదిలేశాను. అర్థం కానిదాన్ని నమ్మినట్టు రాయడం అబద్ధమనిపించింది. మార్కులు చూసి మా అమ్మకు వేరే రకంగా అనిపించింది. సెలవుల్లో ఆడుకోవడానికి వీల్లేదని, లెక్కల పుస్తకంతో సహా నన్ను జగ్గయ్యపేటలో ఉన్న తన అక్క దగ్గరకు పంపింది.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఉంది. పోయిన వారం నందిగామలో కొత్తగా తెరిచిన ఒక బొటిక్‌కి వెళ్లి, అలవాటుగా సంచిలోంచి ఆది జాకెట్టు తీసి బల్ల మీద పెట్టాను. ఆది అంటే, తెలియనివారి కోసం చెబుతున్నాను, మనకు సరిపోయిన పాత జాకెట్టు. దాన్ని చూసి కొత్తది కత్తిరిస్తారు. బల్ల వెనక ఉన్న అమ్మాయి దాన్ని రెండు వేళ్లతో పక్కకు జరిపింది. "ఇవేం వద్దు మేడం. బాడీ కొలతలే తీసుకుంటాం, సిస్టంలో ఉంటాయి" అంది. టేపు చుట్టింది, స్క్రీను మీద అంకెలు పడ్డాయి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ జాకెట్టును మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంటుంటే, ఎక్కడి నుంచో మిషను నూనె వాసనా, ఉతకని కొత్త బట్ట గంజి వాసనా కలిసి వచ్చాయి. పెద్దమ్మ ముందు గది వాసన అది.

ఆ గదిలో ఒక మిషను, ఒక కత్తిరించే బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ, గోడకు మేకుల మీద రంగురంగుల దారపు ఉండలు ఉండేవి. వేసవి కాబట్టి బెంచీ కింద ఎప్పుడూ ఒక గంపలో తాటి ముంజలుండేవి. ముంజ నీళ్లు బట్ట మీద పడితే మరక పోదని పెద్దమ్మ నన్ను గడప అవతల కూర్చోబెట్టి తినమనేది. నేను గడప మీద కూర్చుని తినేదాన్ని. అటు కాలు అవతల, ఇటు కాలు ఇవతల.

పెద్దనాన్న సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే విభాగంలో పనిచేసేవాడు. డ్యూటీ దిగి వచ్చేటప్పటికి కనుబొమ్మలూ మీసమూ తెల్లగా ఉండేవి. గుమ్మంలో నిలబడి, "ముసలాయనొచ్చాడు, కాసిని మంచినీళ్ళివ్వండమ్మా" అనేవాడు. రోజూ అదే హాస్యం; రోజూ పెద్దమ్మ నవ్వకుండా నీళ్లిచ్చేది.

పెద్దమ్మ ఐదో తరగతి దాకా చదివింది. అయినా టేపు మీద ఆవిడ లెక్క చూస్తే నాకు ఆశ్చర్యం వేసేది. ఇంచులో ఎనిమిదో వంతును ఆవిడ నూలు అనేది. పావు ఇంచంటే రెండు నూళ్లు, అరంటే నాలుగు, ముప్పావంటే ఆరు. ఎవరైనా "చేతులు ముప్పావు పెంచి, మళ్ళీ ఒక నూలు తగ్గించండి" అంటే, నేను హారాలు సమానం చేయడానికి క.సా.గు. కోసం వేళ్లు మడుస్తుండగానే ఆవిడ "అయిదు నూళ్ళు" అనేసేది. అన్నిటినీ ఎప్పుడో నూళ్లలోకి మార్చి పెట్టుకున్న మనిషికి క.సా.గు. దేనికి?

ఆవిడ పద్ధతుల్లో రెండు చెప్పాలి. మొదటిది కత్తెర గురించి. ఊరి పక్కన సున్నపురాయి క్వారీలో మధ్యాహ్నం పూట రాయి పేల్చేవారు. ముందు సైరను, కాసేపటికి పేలుడు; కిటికీ రెక్కలు గలగలలాడేవి, బల్ల అదిరేది. ఒకసారి సరిగ్గా ఆ అదురులో కత్తెర జారి చీర అంచు తెగిందట. అప్పటినుంచి ఆవిడ పొద్దున గీతలు గీసి పెట్టుకుని, పేలుడు అయిపోయాకే కత్తెర పట్టేది. సైరను ఊదాక చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునే ఆ కొద్ది నిమిషాలే ఆవిడకు విశ్రాంతి.

రెండోది పుస్తకం. అట్ట ఊడిన ఒక పొడుగాటి నోటు పుస్తకంలో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. అందులో పూర్తి కొలతలుండవు. ఆదికి ఎంత తేడా చేయాలో అంతే ఉంటుంది. పెంచాలంటే ఒక చుక్క, తగ్గించాలంటే ఒక అడ్డగీత, పక్కన నూళ్లు. తేడా ఏమీ అక్కర్లేనివాళ్ల పేజీలో పేరు తప్ప ఏమీ ఉండదు. ఆదులన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ కుట్టి. కొత్త జాకెట్టు కావాలంటే గుడ్డ ముక్క ఇచ్చి వెళ్లిపోతే చాలు. ఆది పెట్టెలో ఉంది, తేడా పుస్తకంలో ఉంది.

ఆ ముందటి కార్తీకంలో తుఫాను వానకు కప్పు కారి పెట్టె తడిసింది. నీళ్లలో రంగులు దిగి, జాకెట్టుకి జాకెట్టు అంటుకున్నాయి. పెద్దమ్మ వాటిని ఉతికి ఆరేసి ఎవరివి వాళ్లకిచ్చేసి, ఇకనుంచి కుట్టించుకునేటప్పుడు ఎవరి ఆది వాళ్లు తెచ్చుకోమంది. పుస్తకం మాత్రం మిషను సొరుగులో ఉండి తడవలేదు. "దేవుడి దయవల్ల పుస్తకం దక్కిందే" అని నాతో రెండుసార్లు చెప్పింది.

నేను వెళ్లిన రెండో రోజే ఆవిడ బట్ట మీద గుర్తులు పెట్టే సుద్ద దొంగిలించి వరండా గచ్చు మీద సంఖ్యారేఖ గీశాను. గుమ్మం దగ్గర సున్నా. కుళాయి వైపు ధన సంఖ్యలు, మురుగుకాలవ వైపు రుణ సంఖ్యలు. ముప్పావు కలపమంటే కుళాయి వైపు అడుగు, ముప్పావు తీసివేయమంటే కాలవ వైపు అడుగు. అంతవరకూ బాగానే ఉంది. మైనస్ ముప్పావును తీసివేయమంటే ఎటు నడవాలి? కాలవ వైపు తిరిగి వెనక్కి నడవాలని పుస్తకంలో ఉంది. ఎందుకు తిరగాలో, ఎందుకు వెనక్కి నడవాలో లేదు. అలా వెనక్కి నడుస్తూ నీళ్ల బకెట్టు తన్నేశాను.

"సుద్ద అరిగిపోయిందేంటా అనుకుంటన్నా! గచ్చుకి కూడా జాకెట్టు కుడతన్నావా?" అంది పెద్దమ్మ.

ఆ వారమే కొట్టు అత్తయ్య వచ్చింది. బజార్లో మిర్చి హోల్‌సేల్ కొట్టు వాళ్లావిడ. ఆవిడ పుట్టిల్లు కోదాడ. ఇన్నేళ్లయినా మాట మాత్రం సరిహద్దు దాటి రాలేదు. చేతిలోని జాకెట్టును బల్ల మీద పరిచి రెండు చేతులతో లాగి చూపించింది.

"వదినా, ఇది జాకెట్టా, మా కొట్టు మిర్చి సంచా? వేదాద్రి గుళ్ళె మెట్లెక్కినంతసేపు భుజం పైకి గుంజుకునుడే సరిపాయె. దేవుణ్ణి ఏం మొక్కిన్నో గూడ యాది లేదు."

"ఇటియ్యండి వదినా, సరిచేసిస్తా" అంది పెద్దమ్మ. ఎప్పుడూ మాటకు మాట అప్పగించే మనిషి, అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అత్తయ్య వెళ్లాక చూస్తే బెంచీ పక్కన అలా తిరిగొచ్చినవి ఇంకా మూడున్నాయి.

మర్నాడు టీచరుగారు వచ్చారు. వెనక వీధిలో ఉంటారు. ఎలిమెంటరీ బడిలో పనిచేస్తారు. వాళ్లమ్మాయి గుంటూరులో నర్సు. ఆవిడ తెచ్చింది ఐదో జాకెట్టు.

"ఈస్టరుకి మా అమ్మాయి వేసుకుంటే హుక్కులు పట్టలేదక్కా. పిన్నీసులు పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని ఆరాధనకొచ్చింది."

"అమ్మాయి కాస్త ఒళ్ళు చేసిందేమోనండి?"

"ఏం ఒళ్ళక్కా! మీరు అంతకుముందు కుట్టినవన్నీ సరిపోతన్నాయిగా."

టీచరుగారు ఇంకో సంచి తీశారు. మీగడ రంగు పట్టు ముక్క. పెళ్లి చీరతో వచ్చినది, అంచుతో సహా. "పెళ్ళి పదిహేను రోజులుంది. దీనికి జత ముక్క ఎక్కడా లేదక్కా, తప్పిందంటే అంతే. వేరేవాళ్ళకిమ్మని మా ఆడపడుచు పోరు పెడతా ఉంది. నేనే ఒప్పుకోలేదు. సరిపోయేవన్నీ అమ్మాయి తనతోనే గుంటూరు పట్టుకుపోయింది. ఈ బిగుతుదే ఇంట్లో పడుంది, దీన్నే ఆదిగా పెట్టుకోండి. దీనికంటే ముప్పావు ఇంచు వదులు చేస్తే చాలంది ఫోన్లో."

ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పెద్దమ్మ పెద్దనాన్నతో అంది. "ఈ పెళ్ళి జాకెట్టు కుట్టిచ్చేసి మిషను మూసేస్తానండి. నా చెయ్యి పోయింది."

పెద్దనాన్న కొత్త మామిడికాయ పచ్చడి కలుపుకుంటున్నవాడల్లా ఆగాడు. "కళ్ళజోడు మార్చుకుంటే సరిపోద్దిలే."

"కళ్ళు కాదు, చెయ్యి. ఇరవయ్యేళ్ళు చూసుకున్న చెయ్యి నాకు తెలీదా? తగ్గించమంటే ఎక్కువ తగ్గించేస్తన్నా, పెంచమంటే ఎక్కువ పెంచేస్తన్నా. గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే భయమేస్తంది."

ఆ ఇంట్లో ఆవిడ మిషను చప్పుడు లేని మధ్యాహ్నాన్ని నేను ఊహించుకోలేకపోయాను. అంతకన్నా, ఆవిడ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అదేదో ఇంకొకరి వస్తువైనట్టు చూసుకోవడం నాకు నచ్చలేదు.

తర్వాత చాలా ఏళ్లకు, కాలేజీలో వాదోపవాదాల పోటీలకు తిరిగేటప్పుడు, ఒక నిందను ఒప్పుకునే ముందు అది ఎవరెవరికి వర్తిస్తున్నదో, ఎవరికి వర్తించడం లేదో రాసుకోవాలని నేర్పారు. పన్నెండేళ్ల వయసులో నాకా పద్ధతి తెలియదు, తోచక చేశాను. ఆవిడ కుళాయి దగ్గర బిందెలు నింపుకుంటుండగా సొరుగులోంచి పుస్తకం తీసి, తిరిగొచ్చిన ఐదు జాకెట్ల పేజీలూ వెతికాను. టీచరుగారి అమ్మాయిది: అడ్డగీత, ఆరు నూళ్లు. బిగుతైంది. కొట్టు అత్తయ్యది: చుక్క, నాలుగు నూళ్లు. వదులైంది. మిగిలిన మూడూ అంతే. చుక్క ఉన్నది వదులు, అడ్డగీత ఉన్నది బిగుతు. పేజీలో పేరు తప్ప ఏమీ లేనివాళ్ల జాకెట్లు ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

చెయ్యి పోతే అందరికీ పోవాలి కదా? చెయ్యికి పుస్తకం చదవడం రాదు కదా?

ఇదే పెద్దమ్మతో అన్నాను. ఆవిడ బిందె దించుతూ, "నేను చెప్పిందీ అదేగా. తేడా చెయ్యాల్సిన చోటే చెయ్యి తప్పతంది. తేడా లేనిచోట ఆది ఎట్టా ఉంటే అట్టా కోసేస్తన్నా" అంది. అదీ నిజమే అనిపించింది. నా వాదం అక్కడితో ఆగిపోయింది.

పట్టు ముక్క కత్తిరించే రోజున టీచరుగారు తానే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నమ్మకం లేక కాదు, ఇంట్లో కూర్చోలేక అన్నారు. పెద్దమ్మ పట్టును నాలుగు మడతలు వేసి, దాని మీద బిగుతు జాకెట్టు పరిచింది. నాలుగు మడతలు కాబట్టి చుట్టుకొలతలో ఎంత తేడా కావాలో అందులో నాలుగో వంతు గీత జరిపితే చాలు. ముప్పావంటే ఆరు నూళ్లు. అందులో నాలుగో వంతు నూలున్నర. టీచరుగారు చెప్పినట్టు ఆది అంచుకు నూలున్నర బయటికి గీత గీసింది. అప్పుడు సొరుగు లాగి పుస్తకం తెరిచింది. పుస్తకం చూడకుండా ఆవిడ ఏ గీతనూ ఖాయం చేయదు. అడ్డగీత, ఆరు నూళ్లు. మొదటి గీతను దులిపేసి, అక్కడి నుంచి నూలున్నర లోపలికి కొత్త గీత గీసింది. సైరను ఊదింది. ఆవిడ చేతులు ఒడిలో పెట్టుకుంది.

నేను గడప మీద నుంచి లేచి వచ్చి చూశాను. సుద్ద గీత ఆది అంచు పక్కనే, అంచును తాకుతూ పడుకుని ఉంది.

"పెద్దమ్మా, ఒక్క మాట."

"కత్తెర దగ్గర మాటలొద్దన్నానా?"

"ఇంకా పట్టుకోలేదుగా. సైరనే ఊదింది."

టీచరుగారు నవ్వారు. "అడగనివ్వండక్కా. అసలే పిల్లకి లెక్కలంటే భయమన్నారు."

"భయం కాదండీ" అన్నాను. "పెద్దమ్మా, ముందు ముప్పావు పెంచావు. తర్వాత ముప్పావు తగ్గించావు. మొత్తం ఎంతైంది?"

"ఎంతవ్వడమేంటే? టీచరుగారు చెప్పింది చేసా. పుస్తకంలో ఉన్నది చేసా."

"సున్నా అయింది. గీత చూడు, ఎక్కడుందో. ఇలా కోస్తే మళ్ళీ ఇదే బిగుతు జాకెట్టు వస్తది."

ఆవిడ వంగి గీత మీద బొటనవేలు పెట్టింది. ఒక పక్క సుద్ద అంటింది, రెండో పక్క ఆది అంచు తగిలింది. పేలుడు వినిపించింది. కిటికీ రెక్కలు అదిరాయి, సుద్ద బిళ్ల దొర్లి కింద పడింది. రోజూ అయితే ఆ క్షణానే కత్తెర అందుకునేది. ఆరోజు అందుకోలేదు.

"పుస్తకం తప్పు చెప్పదే" అంది, నాతో కాదన్నట్టు మెల్లగా.

"ఆ ముప్పావు దేనికంటే తక్కువ?"

"ఆదికంటే."

"ఏ ఆది? ఇదేనా?"

ఆవిడ జాకెట్టు వంక చూసింది, పుస్తకం వంక చూసింది. జవాబు బెంచీ మీద నుంచి వచ్చింది.

"ఆ ఆది నాదమ్మా! నీలం జాకెట్టు. పిల్ల కాలేజీలో చేరినప్పుడు దానికంటూ ఆది లేకపోతే నాదిచ్చా. దానికి ముప్పావు తగ్గించి కుట్టమన్నా. పెట్టెలో తడిసిందిగా అక్కా, వెనక్కిచ్చేశారుగా."

"మరి ఈస్టరు జాకెట్టుకి ఏది తెచ్చారు?" అన్నాను.

"అమ్మాయికి సరిగ్గా ఉన్నదే తెచ్చా."

పెద్దమ్మ టేపు తీసి బిగుతు జాకెట్టు కొలిచింది. ముప్పైరెండున్నర. వేళ్లు నూళ్ల మీద కదులుతున్నాయి. నేనూ మనసులో అదే చేస్తున్నాను. వెనక్కి లెక్క కడితే నీలం జాకెట్టు ముప్పైనాలుగు అవ్వాలి, దానికి ముప్పావు తక్కువ ముప్పైమూడుంపావు. అవి అమ్మాయికి సరిపోయినవి. సరిపోయినదాన్నే ఆదిగా తెస్తే, పుస్తకం మళ్లీ ముప్పావు తగ్గించింది; ముప్పైరెండున్నర. తగ్గించినదాన్నే తగ్గించింది.

"అయితే ఆ మైనస్‌ని తీసెయ్యాలి పెద్దమ్మా!" అని అరిచాను. "మైనస్ ముప్పావుని తీసేస్తే ముప్పావు పెరుగుద్ది. టీచరుగారు చెప్పింది ఇంకో ముప్పావు. రెండూ కలిపి ఒకటిన్నర!"

పెద్దమ్మ టేపు మీద ముప్పైరెండున్నర నుంచి ఒకటిన్నర జరిపి చూసింది. ఆగింది. నా నెత్తి మీద టేపుతో చిన్న దెబ్బ వేసింది.

"ముప్పైనాలుగు. అది వాళ్ళమ్మ జాకెట్టవుద్దే! ఒకే తప్పుని నువ్వోసారి, టీచరుగారోసారి దిద్దుతారా? ఆవిడ వదులు చెయ్యమన్న ముప్పావూ, నేను ఎక్కువ లాగేసిన ముప్పావూ ఒకటేగా."

ఒకటే. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. నెలల తరబడి నన్ను ఏడిపించిన నియమం ఆ బల్ల మీద పట్టు ముక్కలా పరుచుకుని ఉంది. తగ్గించినది ఒకటి ఉంటుంది. ఆ తగ్గించడాన్ని తీసేస్తే వస్తువు పెరుగుతుంది. పెరగక ఏమవుతుంది? దానికి వెనక్కి నడవడమూ అక్కర్లేదు, కళ్లు మూసుకుని నమ్మడమూ అక్కర్లేదు. ఏ తగ్గింపు ఎన్నిసార్లు జరిగిందో మాత్రం తెలిసి ఉండాలి. ఆ సంగతి నాకు తెలియకే ఒకటిన్నర అన్నాను.

అయినా పెద్దమ్మ కత్తెర పట్టలేదు. "మనం అనుకుంటే సరిపోదు. అమ్మాయికి ఫోను చెయ్యండి టీచరుగారూ. సరిపోయే జాకెట్టు ఒకటి కొలిచి చెప్పమనండి. మనం అనుకున్నది మాత్రం చెప్పొద్దు."

ఆ చివరి మాటకు ఇప్పటికీ ఆవిడకు నమస్కరిస్తాను. గుంటూరు హాస్టల్లో టేపు లేదట. పక్క గదుల్లో అడిగి తెచ్చేసరికి చాలాసేపైంది. టీచరుగారు ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డారు. పెద్దమ్మ కుడిచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి దాన్నే చూస్తూ ఉంది. నేను ముంజల గంప వైపు కూడా చూడలేదు.

"ఆఁ, చెప్పమ్మా. ఎంతా? సరిగ్గా చూశావా?" టీచరుగారు మా వైపు తిరిగారు. "ముప్పైమూడుంపావంట."

పెద్దమ్మ కుడిచేతి వేళ్లు ఒకసారి ముడిచి, ఒకసారి చాపింది. తర్వాత పనిలో పడింది. "పట్టుకి లైనింగు వేస్తాం కాబట్టి ఇంకో రెండు నూళ్ళు కావాలి. ఆరూ రెండూ ఎనిమిది. సరిగ్గా ఇంచు. మడతకి రెండు నూళ్ళు." పాత గీత దులిపేసి ఆది అంచుకు పావు ఇంచు బయటికి కొత్త గీత గీసింది. కత్తెర పట్టులో దిగిన చప్పుడు మెత్తగా, నిలకడగా వినిపించింది. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ సాయంత్రం పెద్దనాన్న తెల్లటి మీసంతో గుమ్మంలోకి వచ్చి, తన హాస్యం తాను చెప్పేలోపే ఆవిడ, "కళ్ళజోడూ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు" అంది. ఆయనకేమీ అర్థం కాలేదు. అయినా నవ్వాడు.

వారం తర్వాత పెళ్లికూతురు వచ్చి వేసుకుని చూసుకుంది. పెద్దమ్మ వెనక నిలబడి హుక్కులు ఒక్కొక్కటే తానే పెట్టింది. ఆరో హుక్కు కూడా పట్టాక, "ఊపిరి పీల్చమ్మా" అంది. అమ్మాయి పీల్చింది. "ఇంకా గట్టిగా." ఇంకా గట్టిగా పీల్చింది. ఏమీ తెగలేదు. టీచరుగారు కళ్లు తుడుచుకుని, ఆడపడుచుకి చూపించాలని అప్పటికప్పుడు ఫొటో తీసుకున్నారు.

తర్వాత మూడు రోజులు పెద్దమ్మా నేనూ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. ప్రతి పేజీ పైన ఆ తేడా ఏ జాకెట్టు మీదో రాశాం. నీలంది, వాళ్లమ్మది. ఆకుపచ్చది, పెళ్లికి ముందుది. ఆ జాకెట్టు ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియని చోట తేడాను కొట్టేశాం. తిరిగొచ్చినవన్నీ ఆవిడ విప్పి సరిచేసింది. కొట్టు అత్తయ్య తనది వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "నీ చెయ్యి మంచిగనే ఉంది వదినా, నీ పుస్తకమే ముసల్దయింది" అంది. ఆ మాటకు పెద్దమ్మ నవ్విన నవ్వు వీధిలోకి వినిపించింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు కుట్టింది. మోకాళ్లు అరిగాక పెడలు తొక్కలేక, తనంతట తానే, తనకు నచ్చిన రోజున మిషను మీద గుడ్డ కప్పింది. ఇప్పుడు ఆ ముందు గదిలో ఫోన్ల రీఛార్జి కొట్టుంది. ఆది జాకెట్టు సంచిలో పెట్టుకుని వీధిలో నడిచే ఆడవాళ్లు తగ్గిపోయారు. ఆ ప్రపంచం పోయిందని నాకు పెద్ద దుఃఖమేమీ లేదు. అందులో నడుం నొప్పి కూడా ఉంది, తడిసే కప్పు కూడా ఉంది. నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న వేరు. అలసి మానేయడం ఒకటి, తనది కాని తప్పును తన చేతి మీద వేసుకుని మానేయడం ఇంకొకటి. ఆ వేసవిలో ఆవిడ రెండో రకంగా మానేయడానికి ఒక్క జాకెట్టు దూరంలో ఉంది. ఇంట్లో ఆవిడను ప్రేమించేవాళ్లు ఉన్నారు, నమ్మే టీచరుగారు ఉన్నారు. దేనికంటే తక్కువ అని మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగలేదు. పెద్దవాళ్లను అలా అడగడం మర్యాద కాదనుకున్నాం. అలా అడగకుండా ఊరుకోవడం వల్ల ఎంతమంది ఎన్ని మిషన్ల మీద గుడ్డ కప్పేశారో నాకు తెలియదు.

కాబట్టి మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఈ వారంలో మీకు తెలిసినవాళ్లెవరైనా, పనిచేసే అక్క కావచ్చు, పరీక్ష పోయిన పిల్ల కావచ్చు, మీ అమ్మే కావచ్చు, "నాకిక చేతకాదు" అంటే వెంటనే ఒప్పుకోకండి. వెంటనే ఓదార్చకండి కూడా. పక్కన కూర్చుని, ఆ పనిని మొదటి నుంచి ఒక్కొక్క మెట్టూ చేసి చూపించమనండి. ప్రతి మెట్టు దగ్గరా ఇది దేనికంటే తక్కువ, దేనికంటే ఎక్కువ అని అడగండి. మీరనుకున్న జవాబు ముందే చెప్పేయకండి. వాళ్లు విసుక్కుంటారు, మధ్యలో మాటలొద్దంటారు. అయినా అడగండి.